మూత తీయకుండా వయసు చెప్పొద్దు

2021 నవంబరు. జెనీవాలో ఫిలిప్స్ సంస్థ వేలంపాట నడుస్తోంది. 1957 నాటిదని చెబుతున్న ఒమేగా స్పీడ్‌మాస్టర్ వాచీ ఒకటి పాటకొచ్చింది. మహా అయితే లక్షా ఇరవై వేల స్విస్ ఫ్రాంకులు పలుకుతుందని ముందస్తు అంచనా. తీరా సుత్తి పడ్డాక కమీషన్‌తో కలిపి లెక్క చూస్తే 31 లక్షల ఫ్రాంకులు దాటింది. అప్పటిదాకా ఏ ఒమేగా వాచీకీ అంత ధర రాలేదు. కొన్నది ఎవరో కాదు, ఒమేగా సొంత మ్యూజియమే. రెండేళ్లు తిరక్కుండానే, 2023లో, అది వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన భాగాలతో కూర్చిన వాచీ అని బయటపడింది. ఈ వ్యవహారంలో తమ మాజీ ఉద్యోగులు ముగ్గురి ప్రమేయం ఉందని ఆ కంపెనీయే ప్రకటించింది.

ఈ ఉదంతంలో గమనించాల్సిన సంగతి ఒకటుంది. అది ఫుట్‌పాత్ మీద దొరికే నకిలీ సరుకు కాదు. అందులోని భాగాలు చాలావరకు ఒమేగావే. కాకపోతే అవన్నీ ఒకే వాచీలో పుట్టలేదు. ‘ఇది ఒరిజినలేనా?’ అని మాత్రమే అడిగితే అలాంటి వాచీ పరీక్ష నెగ్గేస్తుంది. ‘ఈ భాగాలన్నీ పుట్టుకతోనే ఒక్క ఇంటివా?’ అని అడిగితేనే దొరుకుతుంది. ఆ రెండో ప్రశ్న అడగడం తెలిసినవాళ్లు, దానికి జవాబు రాబట్టగలిగేవాళ్లు చాలా తక్కువ.

నేను చెప్పదలచుకున్నది ఇదే. పాత లగ్జరీ వాచీల మీద డబ్బు పెట్టాలనుకునే వాళ్లెవరైనా ముందు మెషిన్ చదవడం నేర్చుకోవాలి. ఇంకో మాట కూడా. ఆ వాచీలు కొని అమ్మే వ్యాపారం కన్నా, వాటిని చదివే పనితనమే మీకు ఎక్కువకాలం అన్నం పెడుతుంది.

డయల్ మాట నమ్మకండి

కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాళ్లలో పాత వాచీల మోజు బాగా పెరిగింది. ఇన్‌స్టాగ్రామ్ తెరిస్తే చాలు, ‘1960ల నాటి ఒమేగా, ఫుల్లీ ఒరిజినల్, రన్నింగ్ కండిషన్’ అనే పోస్టులు వరస కడతాయి. నాలుగు ఫొటోలు ఉంటాయి. నాలుగూ డయల్‌వే. వెనక మూత తీసిన ఫొటో అడిగితే ‘మూత బిగుసుకుపోయింది బ్రో’ అని సమాధానం వస్తుంది. ‘ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, సాయంత్రంలోగా చెప్పండి’ అనేది ఆ వెంటనే వచ్చే రెండో మెసేజ్.

పైన పటారం, లోన లొటారం అన్న సామెత వాచీలకు సరిగ్గా అతుకుతుంది. మొత్తం వాచీలో మార్చడానికి అన్నిటికన్నా తేలికైంది డయలే. పాత రంగు చెరిపేసి, కొత్త రంగు కొట్టి, మీద పేరు అచ్చు వేసేస్తారు. మన దేశంలో ఈ పని దశాబ్దాలుగా నడుస్తోంది. పాత హెచ్‌ఎంటీలు, వెస్ట్ ఎండ్, ఫేవర్-లూబా వాచీలకు కొత్త డయళ్లు వేసి విదేశాలకు అమ్మడం ఎంతగా పెరిగిందంటే, అక్కడి కలెక్టర్లు వాటికి ‘ముంబయి స్పెషల్’ అని పేరే పెట్టేశారు. ఆ డయల్ రాసిన చేతి పనితనాన్ని నేను తక్కువ చేయను. పెట్టుకు తిరగడానికి అలాంటి వాచీ కొనుక్కున్నా తప్పులేదు. కానీ దాన్ని ‘అరవై ఏళ్లుగా చెయ్యి పడని వాచీ’ అని చెప్పి అమ్మితే అది మోసం. ఆ మోసాన్ని డయల్ చూసి పట్టుకోవడం కష్టం. మూత తీసి మెషిన్ చూస్తే చాలాసార్లు పది నిమిషాల పని.

ముందు ఎవరిదో తేల్చాలి

మన వాచీ మెకానిక్‌లు మెషిన్ అనేదాన్నే పుస్తకాల్లో మూవ్‌మెంట్ అంటారు. ఒక్కో రకం మెషిన్‌కు కంపెనీ పెట్టుకున్న పేరును, నంబరును క్యాలిబర్ అంటారు. దీని విలువ ఏపాటిదో ఒమేగా చరిత్రే చెబుతుంది. 1848లో లూయీ బ్రాంట్ మొదలుపెట్టిన ఆ కంపెనీకి మొదట్లో ఒమేగా అన్న పేరే లేదు. 1894లో వాళ్లు తయారుచేసిన ఒక మెషిన్ పేరు ఒమేగా. అది ఎంత పేరు తెచ్చిందంటే, 1903లో కంపెనీయే ఆ పేరు పెట్టుకుంది.

క్యాలిబర్ నంబరు ఎక్కడుంటుంది? చాలావాటిలో పైకి కనిపించే వంతెన లాంటి రేకుల మీద, అంటే బ్రిడ్జిల మీద చెక్కి ఉంటుంది. అక్కడ లేకపోతే అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం అంచు కింద, అడుగు పలక మీద వెతకాలి. మెషిన్ తయారుచేసిన కంపెనీ గుర్తు, దాని పక్కన నంబరు అక్కడ సన్నగా ఉంటాయి. వీనస్ కంపెనీ అయితే చిన్న నక్షత్రం గుర్తు. కంటికి భూతద్దం పెట్టుకుంటే తప్ప కనపడదు. ఏ గుర్తూ లేకపోతే మెషిన్ అడ్డంగా ఎన్ని మిల్లీమీటర్లుందో కొలిచి, బ్రిడ్జిల ఆకారం చూసి, చివరికి డయల్ విప్పి కీ తిప్పే పుల్ల దగ్గరున్న చిన్న రేకు ఆకారాన్ని పాత కేటలాగులతో పోల్చుకోవాలి. ఆ రేకు ఒక్కో మెషిన్‌కు ఒక్కో తీరుగా ఉంటుంది. వేలిముద్ర లాంటిదన్నమాట. కొలత కూడా పాత పద్ధతిలో ‘లీన్య్’లలో చెబుతారు. ఒక లీన్య్ అంటే సుమారు 2.26 మిల్లీమీటర్లు.

ఇక్కడే కొత్తవాళ్లు ఒక పొరపాటు చేస్తారు. డయల్ మీద ఒక పేరు, మెషిన్ మీద ఇంకో పేరు కనపడగానే ‘నకిలీ’ అని తీర్పిచ్చేస్తారు. స్విస్ వాచీల పరిశ్రమ అలా నడవలేదు. మెషిన్లు మాత్రమే తయారుచేసే కంపెనీలు కొన్ని, వాటిని కొని సానపట్టి తమ వాచీల్లో పెట్టుకునే పేరున్న కంపెనీలు ఇంకొన్ని. సినీ నటుడు పాల్ న్యూమన్ పెట్టుకున్న రోలెక్స్ డేటోనా 2017 అక్టోబరులో న్యూయార్క్ వేలంలో కోటీ 77 లక్షల డాలర్లకు పైగా పలికింది. దాని లోపలి మెషిన్‌కు మూలం వాల్జూ కంపెనీ తయారుచేసిన 72. చంద్రుడి మీదికి వెళ్లిన స్పీడ్‌మాస్టర్‌లోని ఒమేగా 321కి మూలం లెమానియా 2310. అదే లెమానియాను పటేక్ ఫిలిప్, వాషెరాన్ కాన్‌స్టాంటిన్ కూడా తీసుకుని, తమ పద్ధతిలో తీర్చిదిద్దుకుని వాడాయి. ఆడెమార్ పీగే రాయల్ ఓక్ (1972), పటేక్ నాటిలస్ (1976) తొలి వాచీల్లోని మెషిన్లు రెండూ జేజర్-లెకూల్ట్ర్ తయారుచేసిన 920 సంతానమే. విచిత్రమేమిటంటే, ఆ 920ని తయారుచేసిన కంపెనీ మాత్రం తన వాచీల్లో దాన్ని పెట్టుకోలేదు.

మన దేశంతో ముడిపడిన కథ కూడా ఒకటుంది. ఇక్కడ పోలో ఆడే బ్రిటిష్ అధికారుల వాచీ అద్దాలు పగిలిపోతున్నాయని, డయల్‌ను వెనక్కి తిప్పేసుకునే వీలుతో 1931లో రివర్సో వాచీ తెచ్చారు. లెకూల్ట్ర్ దగ్గర ఆ పలచని పెట్టెలో సరిపోయే సొంత మెషిన్ అప్పటికి సిద్ధంగా లేదు. అందుకే మొట్టమొదటి రివర్సోల్లో టావాన్ అనే వేరే కంపెనీ మెషిన్ ఉంటుంది. చరిత్ర తెలియనివాడు అసలైన తొలినాటి రివర్సోను చేతిలో పట్టుకుని ‘మెషిన్ మార్చేశారు’ అని వదిలేస్తాడు. తెలిసినవాడు దాన్నే కళ్లకద్దుకుని కొంటాడు. ఇద్దరి మధ్య తేడా డబ్బు కాదు, చదువు.

తర్వాతే వయసు

మెషిన్ ఎవరిదో తేలాక, ఎప్పటిదో తేల్చాలి. అందరికీ తెలిసిన దారి సీరియల్ నంబరు. ఒమేగా, లాంజీన్ కంపెనీల పాత వాచీల్లో అది మెషిన్ మీదే ఉంటుంది. ఒమేగా నంబర్లు 1944 ప్రాంతంలో కోటికి, 1963 ప్రాంతంలో రెండు కోట్లకు చేరాయి. కాబట్టి ఎనిమిదంకెల నంబరు చూసి ఇంచుమించుగా ఏడాది చెప్పొచ్చు. పాత రోలెక్స్‌ల సంగతి వేరు. వయసు తేల్చే నంబరు మెషిన్ మీద కాదు, వాచీ కేసు మీద, ఆరు అంకె వైపు పట్టీ తగిలించే కొమ్ముల మధ్య ఉంటుంది. పట్టీ విప్పితేనే కనపడుతుంది.

అందరూ బోల్తాపడేది ఈ నంబరు దగ్గరే. అదేదో దేవుడి రాత అనుకుంటారు. మన ఊళ్లలో పాతతరం వాళ్ల పుట్టినరోజులు గుర్తున్నాయా? బడిలో వేసేటప్పుడు హెడ్మాస్టరు గారు ఓ తేదీ వేసేసేవారు. సర్టిఫికెట్ ప్రకారం ఒక వయసు, అమ్మమ్మ లెక్క ప్రకారం ఇంకో వయసు. వాచీ సీరియల్ నంబరు కూడా అచ్చం అలాంటిదే. మెషిన్ మీద నంబరు పడిన ఏడాది ఒకటి, అది కేసులోకి ఎక్కిన ఏడాది ఇంకొకటి, దుకాణంలో అమ్ముడైన ఏడాది మరొకటి కావచ్చు. చలామణీలో ఉన్న నంబర్ల పట్టికలు చాలావరకు అంచనాలే.

రోలెక్స్‌లో ఇంకో చిక్కుంది. నంబర్లు 1950ల మధ్యలో పది లక్షల దరిదాపుల్లోకి వచ్చాక మళ్లీ కింది నుంచి మొదలుపెట్టారు. అందువల్ల లక్షల్లో ఉన్న ఆరంకెల నంబరు 1940ల వాచీ మీదా ఉండొచ్చు, 1950ల వాచీ మీదా ఉండొచ్చు. అదృష్టవశాత్తూ 1950ల వాచీలు చాలావాటికి వెనక మూత లోపల ఓ చిన్న గుర్తు వేశారు. రోమన్ అంకెల్లో మూడు, పక్కన 58 అని ఉంటే 1958 మూడో త్రైమాసికం అని అర్థం. అయితే మూతలు కూడా మారతాయి కదా! అందుకే అదీ ఒక సాక్ష్యమే తప్ప తీర్పు కాదు.

అన్ని కంపెనీలూ ఇంత కష్టపెట్టవు. అమెరికా కంపెనీ బులోవా 1950 నుంచి ఒక అక్షరం, ఒక అంకె వేసేది. ‘ఎల్’ అంటే యాభైలు, ‘ఎమ్’ అంటే అరవైలు, ‘ఎన్’ అంటే డెబ్బైలు. ఎల్5 అంటే 1955, ఎమ్7 అంటే 1967. బులోవా లగ్జరీ వాచీ కాకపోవచ్చు. కానీ అక్షరాలు దిద్దుకోవడానికి పలక లాంటిది.

సాక్షులందరినీ పిలవండి

ఒక్క సాక్షి మాట మీద ఏ జడ్జీ తీర్పు ఇవ్వడు. వాచీ విషయంలోనూ అంతే. సీరియల్ నంబరు ఒక సాక్షి. మెషిన్‌లో ఇంకా చాలామంది ఉన్నారు.

వాచీ కిందపడితే బ్యాలెన్స్ చక్రం ఇరుసు విరగకుండా కాపాడే ఇన్‌కాబ్లాక్ లాంటి ఏర్పాటు 1930ల్లో వచ్చింది. బ్యాలెన్స్ మధ్యలోని ఎర్రరాయి మీద చిన్న స్ప్రింగు కనిపిస్తే అదే. ‘1920ల నాటిది, ఏమీ మార్చలేదు’ అని చెప్పే మెషిన్‌లో అది కనపడితే, ఎవరో చెయ్యి పెట్టారనో, వయసు తప్పు చెబుతున్నారనో అర్థం.

బ్యాలెన్స్‌ను పట్టి ఉంచే బ్రిడ్జి మీద ఒక్కోసారి మూడు ఇంగ్లిష్ అక్షరాలు ఉంటాయి. అవి అమెరికాకు దిగుమతి చేసుకున్నవారి గుర్తులు. 1930ల మధ్య నుంచి మొదలైన పద్ధతి ఇది. ఒమేగాకు ఓఎక్స్‌జీ, రోలెక్స్‌కు ఆర్‌ఓడబ్ల్యూ, పటేక్‌కు హెచ్‌ఓఎక్స్. ‘ఈ వాచీ మా తాతయ్య 1955లో లండన్‌లో కొన్నారు’ అని అమ్మేవాడు చెబుతుంటే, మెషిన్ మీద ఓఎక్స్‌జీ అని ఉంటే, ఒక్క నిమిషం ఆగాల్సిందే.

రాళ్ల లెక్క కూడా మాట్లాడుతుంది. పాత అమెరికా సుంకాల చట్టంలో 17 రాళ్లకు మించిన మెషిన్‌కు పన్ను విపరీతంగా ఉండేది. అందుకే అమెరికా బజారుకు వెళ్లిన స్విస్ వాచీల్లో ఆ 17 అన్న అంకె అంత ఎక్కువగా కనిపిస్తుంది. కొన్నిటి మీద ‘అన్‌అడ్జస్టెడ్’ అని రాసి ఉంటుంది. అది చూసి నాసిరకం అనుకునేరు. చాలాసార్లు అది సుంకం తగ్గించుకునే ఉపాయం.

రోలెక్స్ 1570 తరం మెషిన్లలో కీ బయటికి లాగితే సెకన్ల ముల్లు ఆగిపోయే సౌకర్యం 1970ల మొదట్లో వచ్చింది. 1965 వాచీలో ముల్లు ఆగిందంటే ప్రశ్న అడగాలి. ఇంకో తిరకాసు చూడండి. తేదీ చూపించే 1575 మెషిన్ల బ్రిడ్జి మీద కూడా 1570 అనే ఉంటుంది. అది తప్పు కాదు, కంపెనీ పద్ధతే అంత. ఏది తప్పో తెలియాలంటే, ముందు ఏది మామూలో తెలియాలి.

ఇవన్నీ కలిపి ఒక కేసు విచారిద్దాం. ఎవరో మీకు ‘1958 ఒమేగా సీమాస్టర్’ అమ్ముతున్నారు. మూత తీస్తే మెషిన్ మీద 565 అని ఉంది. 565 అనేది 1960ల మధ్యలో వచ్చిన మెషిన్. సీరియల్ రెండు కోట్ల నలభై లక్షల పైన, అంటే 1966-67 ప్రాంతం. డయల్ అడుగున స్విస్ మేడ్‌కు అటూ ఇటూ ‘టీ’ అక్షరాలున్నాయి. రాత్రిపూట మెరిసే పూతలో ట్రిటియం వాడారని ఆ గుర్తుకు అర్థం. అది 1960ల్లో మొదలైన అలవాటు. ముగ్గురు సాక్షులూ ఒకే మాట చెబుతున్నారు. అమ్మేవాడు చెప్పిన ఏడాది తప్పు. కానీ వాచీ నిజాయతీ గలదే. తొమ్మిదేళ్లు చిన్నది, అంతే. దానికి తగ్గ ధర ఇచ్చి నిశ్చింతగా తీసుకోవచ్చు.

ఇప్పుడు ఒక్క వివరం మార్చి చూడండి. అదే 565 మెషిన్. కానీ మూత లోపల 2846 అనే కేసు నంబరు ఉంది. అది 1950ల రెండో సగంలో 501 లాంటి మెషిన్లతో వచ్చిన కేసు. డయల్ మీద తేదీ కిటికీ లేదు. 565 ఏమో తేదీ చూపించే మెషిన్! కీని ముళ్లు తిప్పే చోటు దాటించి ఇంకాస్త లాగితే ‘టిక్’మంటుంది. కంటికి కనపడని తేదీని మార్చడానికి అన్నమాట. కేసు ఒమేగాది, మెషిన్ ఒమేగాది, డయల్ కూడా ఒమేగాదే కావచ్చు. అయినా ఆ మూడూ కలిసి పుట్టలేదని ఆ ఒక్క ‘టిక్’ చెప్పేసింది. మొదట్లో చెప్పుకున్న లక్షల ఫ్రాంకుల వాచీ లోపలి సూత్రం కూడా ఇదే. అక్కడ పనితనం ఎక్కువ, ఇక్కడ తక్కువ.

రిపేరుకు, మోసానికి మధ్య గీత

ఇంత చెప్పాక కొందరు రెండో కొసకు పోతారు. ఒక్క స్క్రూ మారినా ‘ఒరిజినల్ కాదు’ అంటూ ముక్కు విరుస్తారు. అది కూడా అన్యాయమే. అరవై ఏళ్లు ఆడిన వాచీలో మెయిన్ స్ప్రింగు మారుతుంది, కీ బిరడా మారుతుంది, అద్దం మారుతుంది. ఒక్కోసారి కంపెనీ సర్వీస్ సెంటరువాళ్లే పాత ముళ్లు తీసి కొత్తవి వేస్తారు. వాచీ బతకాలంటే అవి తప్పవు. మార్చడం నేరం కాదు. మార్చిన సంగతి దాచి, మార్చనట్టు ధర కట్టడం నేరం. నా దృష్టిలో గీత అక్కడుంది.

కంపెనీల పాత రికార్డుల సంగతి కూడా చెప్పుకోవాలి. పటేక్, లాంజీన్ లాంటి కంపెనీలు తమ రిజిస్టర్లు చూసి వాచీ వివరాలతో పత్రం ఇస్తాయి. తీసుకోగలిగితే తప్పకుండా తీసుకోండి. కానీ ఆ పత్రం చెప్పేది ఒక్కటే: ఫలానా నంబరు వాచీ ఫలానా రోజున ఫలానా రూపంలో తయారైంది, లేదా అమ్ముడైంది అని. ఈ రోజు మీ చేతిలో ఉన్న ప్రతి భాగం ఆ రోజుదేనని అది హామీ ఇవ్వదు. ఆ పని మళ్లీ మనిషి కన్నే చేయాలి.

‘ఫోన్‌లో ఫొటో పెడితే ఏ క్యాలిబరో ఏఐ చెప్పేస్తుంది కదా’ అనే ప్రశ్న వస్తుంది. చెబుతుంది, చాలాసార్లు సరిగ్గానే చెబుతుంది. అది మొదటి మెట్టు. స్క్రూ తల మీద స్క్రూడ్రైవరు జారిన గీతలున్నాయా, సీరియల్ నంబరు అరగదీసి మళ్లీ చెక్కారా, ఒక బ్రిడ్జి బంగారు పూత రంగు పక్కదానికన్నా కాస్త పాలిపోయి ఉందా, కీ తిప్పుతుంటే వేలికి ఎలా తగులుతోంది... ఇవి ఫొటోలో పడవు. ఎవరైనా ఫొటో తీసి అడగొచ్చు కాబట్టే, ఫొటోలో పడనిది చూడగలిగినవాడి విలువ పెరుగుతుంది.

ఇది బతుకుతెరువవుతుందా?

‘ఇదంతా డబ్బున్నవాళ్ల సరదా, మాకెందుకు?’ అని మీరు అడగొచ్చు. రెండు కారణాలున్నాయి.

మొదటిది, ఈ వాచీలు డబ్బున్నవాళ్ల ఇళ్లలోనే లేవు. గల్ఫ్‌కు వెళ్లొచ్చిన నాన్నలు, బాబాయిలు, మామయ్యలు తెచ్చిన వాచీలు మన జిల్లాల్లో ఎన్ని ఇళ్ల బీరువాల్లో పడి ఉన్నాయో! అందులో ఏది మామూలుది, ఏది కాదు అన్నది ఇంట్లో ఎవరికీ తెలియదు. పాత సామాన్లవాడు వేలకు కొనుక్కుపోయి ఎక్కువకు అమ్ముకుంటాడు. బంగారు కేసు అయితే ఇంకా ఘోరం. మెషిన్ పక్కన పడేసి, బంగారాన్ని తూకానికి అమ్మేస్తారు. బంగారం ధర పెరిగినప్పుడల్లా ఇలా కరిగిపోయిన మంచి వాచీలు ప్రపంచమంతటా ఉన్నాయి. కొనేటప్పుడు మోసపోయేదీ మనమే, అమ్మేటప్పుడు మోసపోయేదీ మనమే. చదవడం వస్తే రెండూ ఆగుతాయి.

రెండోది ఉపాధి. హెచ్‌ఎంటీ 1961లో జపాన్ కంపెనీ సిటిజన్ సహకారంతో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టింది. కీ ఇచ్చే వాచీలు ఇంటింటికీ చేరాయి. వాటిని బాగుచేసేవాళ్లు ప్రతి ఊరి సెంటర్లోనూ ఓ చిన్న గాజు పెట్టె వెనక కూర్చుని బతికారు. ఇంతలో 1969 చివర్లో జపాన్‌లో సైకో సంస్థ తెచ్చిన క్వార్ట్జ్ వాచీ ప్రపంచాన్నే మార్చేసింది. ఆ గాలి మన దగ్గరికీ వచ్చాక గాజు పెట్టెల వెనక పని బ్యాటరీ మార్చడానికి, పట్టీ వేయడానికి కుదించుకుపోయింది. 2016లో హెచ్‌ఎంటీ వాచీల విభాగాన్ని మూసేయాలని కేంద్రం నిర్ణయించింది. బ్యాలెన్స్ ఇరుసు మార్చగల, హెయిర్ స్ప్రింగు వంకర తీయగల చేతులు ఇప్పుడు అరవైలు, డెబ్బైలు దాటుతున్నాయి. వాళ్ల పక్కన స్టూలు ఖాళీగా ఉంది.

ఇంకోవైపు సెకండ్‌హ్యాండ్ లగ్జరీ వాచీల వ్యాపారం పద్ధతిలోకి వస్తోంది. రోలెక్స్ అంతటి కంపెనీ 2022 డిసెంబరులో తన పాత వాచీలను తనే ధ్రువీకరించి అధీకృత దుకాణాల ద్వారా అమ్మించే పథకం ప్రకటించింది. మన దేశంలో ఎథోస్ సంస్థ ‘సెకండ్ మూవ్‌మెంట్’ పేరుతో పాత వాచీల వ్యాపారం చేస్తోంది. ఇలాంటి చోట్ల వాచీ కౌంటరు దాకా రావడానికి ముందు ఎవరో ఒకరు మూత తీసి ‘ఇది నిజం’ అని సంతకం పెట్టాలి. కంపెనీల సర్వీస్ సెంటర్లు, వేలం సంస్థలు, బీమా కోసం విలువ కట్టేవాళ్లు... అందరికీ ఆ సంతకమే కావాలి. ఆ సంతకం పెట్టగలిగిన చేతులు దొరకడమే కష్టం.

అలాగని మీకు అరచేతిలో వైకుంఠం చూపించను. ఇది వేలాది ఉద్యోగాలిచ్చే రంగం కాదు. చేస్తున్న ఉద్యోగం, చదువుతున్న ఇంజినీరింగ్ వదిలేసి రమ్మని నేను చెప్పను. నేర్చుకోవడానికి నెలలు సరిపోవు, ఏళ్లు పడుతుంది. స్విట్జర్లాండ్‌లోని నూషటెల్‌లో వోస్టెప్ లాంటి శిక్షణ సంస్థలున్నాయి. అక్కడికి వెళ్లడం ఖర్చుతో కూడిన పని, అందరికీ అందదు. కానీ మొదటి రెండేళ్ల చదువు మీ ఊళ్లోనే ఉంది. దానికి కావాల్సింది ఒక భూతద్దం, రెండు పట్టకార్లు, నాలుగు స్క్రూడ్రైవర్లు, పాడైపోయినా ఫరవాలేని హెచ్‌ఎంటీ ఒకటి, నేర్పడానికి ఒప్పుకునే పెద్దాయన ఒకరు.

ఆ పెద్దాయన దగ్గరికి ‘అంకుల్, యూట్యూబ్‌లో చూశాను’ అంటూ వెళ్లకండి. వారానికి రెండు సాయంత్రాలు కూర్చుంటానని, ఊడ్చి తుడిచే పని కూడా చేస్తానని చెప్పండి. ఆయన దగ్గరున్నది చేతి విద్య. మీ దగ్గరున్నది ఇంగ్లిష్ చదవగలగడం, ఫొటోలు తీయగలగడం, పాత కేటలాగులు వెతికి పట్టుకోగలగడం, చూసినదాన్ని పట్టికగా రాసి పెట్టగలగడం. ఆ పెద్దాయన ఒక్కరే చేయలేనిది, మీరు ఒక్కరే చేయలేనిది ఇద్దరూ కలిస్తే అవుతుంది. చూసిన ప్రతి మెషిన్‌కూ నోట్‌బుక్‌లో ఒక పేజీ కేటాయించండి: క్యాలిబర్, కొలత, రాళ్లు, నంబరు, కేసు నంబరు, ఏది దేనితో కుదిరింది, ఏది కుదరలేదు. రెండు వందల పేజీలు నిండేసరికి మీ కన్ను మారిపోతుంది. ఏ సర్టిఫికెట్ కోర్సూ ఇవ్వలేనిది ఆ నోట్‌బుక్ ఇస్తుంది. ఇంటర్వ్యూలో దాన్ని టేబుల్ మీద పెట్టండి.

కొనేముందు, విప్పేముందు

కొనాలనుకునేవాళ్లు మూడు ఫొటోలు అడగండి: మెషిన్, మూత లోపలి భాగం, పట్టీ విప్పిన కొమ్ముల మధ్య భాగం. డయల్ ఫొటో వాళ్లే పంపుతారు, అడగక్కర్లేదు. ఆ మూడూ ఇవ్వనివాళ్ల దగ్గర, ఎంత తక్కువ ధర చెప్పినా కొనొద్దు. తొందరపెట్టేవాళ్ల దగ్గర అసలే వద్దు. అరవై ఏళ్లు ఆగిన వాచీ ఇంకో అరవై గంటలు ఆగగలదు.

ఇంట్లో పాత వాచీ ఉంటే చాకుతో మూత ఎత్తే ప్రయత్నం మాత్రం చేయకండి. ఒక్క జారుకి బ్యాలెన్స్ పోతుంది. ఇంకో ముఖ్యమైన జాగ్రత్త. 1960ల మొదటి దాకా వచ్చిన చాలా వాచీల్లో అంకెల మీద, ముళ్ల మీద మెరుపు కోసం రేడియం పూసేవారు. మెరుపు ఎప్పుడో ఆగిపోయినా రేడియోధార్మికత పోదు. రేడియం సగానికి తగ్గడానికే సుమారు 1600 ఏళ్లు పడుతుంది. మూసి ఉన్న వాచీని చూసి కంగారు పడనక్కర్లేదు. కానీ ఆ పూతను గీకడం, ఆ పొడి పీల్చడం ప్రమాదం. తెలిసినవాళ్ల చేతనే విప్పించండి.

ఈ ఆదివారం బీరువా పైఅరలోని ఆ వాచీని తీసి, పనిలో పేరున్న పాత మెకానిక్ ఒకరి దగ్గరికి తీసుకెళ్లండి. ‘ఎంత పలుకుతుంది?’ అని అడగొద్దు. ‘మూత తీసి ఒక్కసారి చూపిస్తారా?’ అని అడగండి. ఆయన భూతద్దం మీ చేతికిస్తే, బ్యాలెన్స్ చక్రం అంచు కింద ఏముందో ముందు చదవండి.